గిర్ని వెనక కౌజు పిట్టలు

కౌజు పిట్టలు శుభ్రమైన పిట్టలని ఎవరైనా చెబితే నమ్మకండి. నేను వాటిని రోజూ చూసినదాన్ని. మాది గట్టు మండలంలో ఒక ఊరి చివరి ఇల్లు. మా పక్కిల్లు పిండిగిర్ని. ఆ గిర్ని వెనక గోడకూ మా పెంటకుప్పకూ మధ్య ముళ్ళకంప పేర్చిన కాస్త జాగాలో అవి కాపురం పెట్టాయి. గిర్నిలో ఊడ్చి పారబోసిన పిండి, పురుగు పట్టిన జొన్నలు, మా పెంటలో చెదలు, పేడపురుగులు, అన్నీ వాటికి విందే. మనిషి అలికిడైతే చాలు, మెడలు నిక్కించి, ఎగరను కూడా ఎగరకుండా, చిన్న చిన్న కాళ్ళతో పరుగెత్తి కంపలో దూరిపోతాయి. అంత సిగ్గు వాటికి. ఆ సిగ్గంతా మనుషులను చూస్తేనే. పేడను చూస్తే ఏ సిగ్గూ లేదు.

చూడడానికి మాత్రం బాగుంటాయి. మట్టిరంగు ఒళ్ళు, ఒంటి నిండా సన్న చారలు, గొంతు కింద కొంచెం పసుపు, దాని చుట్టూ నల్లని గీత. కదలకుండా కూర్చుంటే అది పిట్టో మట్టిగడ్డో చెప్పలేం. మగదాని కాలికి వెనకవైపు ముల్లు ఉంటుంది. గిర్ని నడిపే ముస్లిం ఆవిడను ఊళ్ళో అందరం ఆపా అంటాం. ఆపా వాటిని తీతర్ అంటుంది. తెల్లవారగానే ఆ మగది గోడ పక్కన నిలబడి ఊరంతటినీ లేపేటట్టు కూస్తుంది. అంత గొంతు పెట్టుకుని మనిషిని చూస్తే ఎందుకు పారిపోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేను వాటిని చూడడం మొదలుపెట్టింది ముచ్చటపడి కాదు. మా ఆయన కోసం.

ఆయన విత్తనం కోసం సీడు పత్తి పండించేవాడు. మగపూల పుప్పొడిని ఆడపూలకు చేత్తో అద్దే పని అది. మేం క్రాసింగ్ అంటాం. ఎండ ముదరకముందే పని అయిపోవాలి కాబట్టి, ఆయన పొద్దున్నే చేను గట్టు మీద నిలబడి కూలీలను కేకలేసేవాడు. ఆయన పిలిస్తే అంత దూరాన వడ్డేపల్లిలో వినపడుతుందని ఆడకూలీలు ఎగతాళి చేసేవాళ్ళు. ఇంట్లో కూడా అదే గొంతు. చెంబెడు నీళ్ళు అడిగినా పోట్లాటకు వచ్చినట్టే ఉండేది.

ఒకరోజు ఆ క్రాసింగ్ చేలోనే పడిపోయాడు. గద్వాల దవాఖానకు తీసుకుపోయాం. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ పోయాయి. మనం చెప్పేవన్నీ ఆయనకు అర్థమవుతాయి. నోరు తెరిస్తే మాత్రం ‘బ, బ’ అన్న శబ్దం తప్ప ఇంకేమీ రాదు. కాలు, చెయ్యి పోయినందుకు నేను అంత ఏడవలేదు. ఆ ‘బ, బ’ విన్నప్పుడు మాత్రం వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ముందర అరుగు మీద మంచం వేస్తే ఊరంతా పరామర్శకు వచ్చింది. ఎద్దు పుండు కాకికి ముద్దంటారు, నిజమే. ఆయన వింటున్నాడన్న ఇంగితం కూడా లేకుండా, ఎవరు ఎన్నాళ్ళు మంచంలో ఉండి ఎట్లా పోయారో ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. ఒకాయన మా ఆయన అరికాలిలో గోరు గుచ్చి “తెలుస్తుందా?” అని అడిగి, అదే చేత్తో బిస్కెట్ అందుకున్నాడు. ఆ సాయంత్రమే మంచాన్ని వెనక అరుగు మీదికి మార్పించాను. వెనకవైపు పెంట వాసన వస్తుంది. రానీ, మనుషులకన్నా అదే నయం అనుకున్నాను.

అట్లా ఆయన మంచం కౌజుల ముందుకు వచ్చింది.

మొదట్లో అవి కంపలోంచి బయటికి రాలేదు. ఆ ఇంటి వెనక అరుపులు, కేకలు లేవని వాటికి నమ్మకం కుదరడానికి చాలా రోజులు పట్టింది. తరవాత మెల్లగా ఒకటి, దాని వెనక ఇంకొకటి, బయటికి వచ్చి పెంటను చిమ్మడం మొదలుపెట్టాయి. కాళ్ళు కడుక్కునే బండ దాకా వచ్చాయి. ఆయన గుడ్డలు ఉతికిన నీళ్ళు నిలిచే మడుగులో ముక్కు పెట్టి తాగాయి. ఛీ, అదేం తాగుడో. నేను రోత పడుతూ చూస్తుంటే ఆయన మొహం మాత్రం మారింది. కళ్ళు పిట్టల వెంట తిరిగాయి. తల కొంచెం లేచింది. దవాఖాన నుంచి వచ్చాక ఆయన తనంతట తాను తల ఎత్తడం అదే మొదటిసారి.

ఇక నేను ఆ పిట్టలకు కాపలాదారునయ్యాను. కుక్క వస్తే రాయి విసిరేదాన్ని. కంపకు నిప్పు పెడదామన్నవాళ్ళను తిట్టి పంపేదాన్ని. ఆపా గిర్ని ఊడ్చేటప్పుడు “జర గోడ పక్కకే పారబొయ్యి ఆపా” అని బతిమాలేదాన్ని. అవి ఎండలో మట్టిలో పొర్లుతుంటే ఆయన చూసేవాడు. మగది మెడ చాచి చుట్టూ చూసి సైగ చేస్తే తప్ప ఆడది బయటికి రాదు. ఆ సంగతి నేను కనిపెట్టి ఆయనకు చెబితే, ఎడమచేత్తో మంచం పట్టెను తట్టాడు. అవునన్నట్టు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ముప్పై ఏళ్ళ కాపురంలో నేను చెప్పిన ఏ మాటకూ ఆయన అట్లా తట్టి ఎరగడు. మాట పోయాక ఈ మనిషికి మనసు వచ్చిందనుకున్నాను. గింజలు ఏరుకునే పిట్టను చూసి మురిసే మనసు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడో అనుకున్నాను.

వనపర్తిలో ఒకావిడ మాట పడిపోయినవాళ్ళకు మాటలు నేర్పుతుందంటే ఆటోలో పడుకోబెట్టుకుని తీసుకుపోయాను. చిన్న పిల్లలా ఉంది గాని మనిషి గట్టిది. ఆయనను కాసేపు చూసి నన్నే మందలించింది.

“అమ్మా, మీరు ఆయన చూపు చూసి నీళ్ళిస్తుండ్రు, చెయ్యి ఊపితే అన్నం పెడుతుండ్రు. ఇంక మాటతోని ఆయనకేం పని? అడగనిదే అమ్మైనా పెట్టదంటరు గద. జర ఆపి చూడుండ్రి. అవసరం పుడితే మాట పుడ్తది.”

నేను ఇరవై ఏళ్ళకు పైగా అంగన్‌వాడీ టీచరుగా చేసినదాన్ని. ‘గుడ్డు’ అంటేనే గుడ్డు చేతిలో పెట్టి ఎందరు పిల్లలకు మాటలు నేర్పానో. ఇంట్లో మొగుడి దగ్గర అది తోచనేలేదు. ఆ రోజు నుంచి చెంబు పట్టుకుని ఎదురుగా నిలబడేదాన్ని. “ఏం కావాలె? అను” అనేదాన్ని. ఆయన నన్ను నరికేసేలా చూసి, మొహం తిప్పుకుని, ‘బ, బ’ అనేవాడు. చివరికి నేనే ఓడిపోయి నీళ్ళు పట్టేదాన్ని.

ఇట్లా లాభం లేదని ఒక గురువారం ఆపాతో కలిసి దర్గాకు పోయాను. మా ఆడబిడ్డ, అంటే మా ఆయన అక్క, తమ్ముణ్ణి చూసుకోవడానికి అప్పుడే వచ్చి ఉంది. తనూ మా వెంట వచ్చింది. పీరు సమాధి ముందు నిలబడగానే నాకు దుఃఖం ఆగలేదు. “ఆయన నోరు తెరిచి మొట్టమొదట ఏది అడిగితే అది తెచ్చిస్త. ఏదైనా సరే” అని గట్టిగానే మొక్కుకున్నాను.

బయటికి వచ్చాక ఆపా తల కొట్టుకుంది. “ఏందమ్మా, గింత పెద్ద మాట ఎందుకన్నవు? జర రొట్టె, బెల్లం కలిపి మలీదా చేయిస్త అంటే సాలకపోవునా? మొక్కు మొక్కేటప్పుడు మన చేతిల ఉన్నదే మొక్కాలె.”

నేను పట్టించుకోలేదు. ఆయన ఏం అడుగుతాడు? చేను చూపించమంటాడు. లేకపోతే నన్ను పిలుస్తాడు. ఆశ అది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఆడబిడ్డ సంగతి చెప్పాలి. ఆమెను ఇచ్చింది మన్ననూరు. చుట్టూ నల్లమల అడవి. పులుల కోసమని అక్కడ రూళ్ళు గట్టిగా ఉంటాయి. కుందేలును, పిట్టను ముట్టుకోవడం సంగతి అటుంచి, కట్టె ముక్క తెచ్చుకోవాలన్నా భయమే. ఆమె మా ఇంటికి వచ్చిన మర్నాడు వెనక అరుగు మీద కూర్చుని కౌజులను చూసింది. చూసి నాలుకతో పెదవులు తడుపుకుంది. నేను నా కళ్ళతో చూశాను.

“మా దిక్కు గిట్ల పిట్ట మీద చెయ్యేస్తే జీపులొస్తయి. మీకేంది పిల్లా, పెరట్లనే తిరుగుతున్నయి. కోడికూర దీని ముందర ఎందుకు పనికొస్తది? మా తమ్మునికి రసం కాసి తాపితే నరాలు లేచి నిలబడ్తయి” అంది.

“వద్దు వదినె, ఆయన వాటిని చూసుకుంటనే బతుకుతుండు” అన్నాను.

“చూస్తె ఏమొస్తది? తింటె బలమొస్తది.”

ఆ మాటను అంతటితో వదిలేసిందనుకున్నాను. రెండ్రోజులకు, ఎవరో చెప్పారని, పావురాన్ని కోసి ఆ వెచ్చని రక్తాన్ని ఆయన పడిపోయిన చేతికి రుద్దింది. నేను రేషనుకు పోయి వచ్చేసరికి మంచమంతా నెత్తురు, ఈగలు, దుప్పటికి అంటుకున్న ఈకలు. ఆయన కళ్ళు మూసుకుని మొహం గోడకు తిప్పుకుని ఉన్నాడు. ఆమె చేతులు కడుక్కుంటూ “సాయంత్రానికల్లా చెయ్యి లేస్తది చూడు” అంది. చెయ్యి లేవలేదు. వాసన మాత్రం ఎన్ని నీళ్ళు పోసినా పోలేదు. ఆ దుప్పటి ఉతుకుతూ రెండుసార్లు వాంతి చేసుకున్నాను.

తరవాత ఒకరోజు కంప దగ్గర నైలాను దారంతో పన్నిన ఉచ్చులు కనిపించాయి. పుల్లలకు కట్టి, వరసగా, నేర్పుగా. ఎవరి పనో అడగనక్కర్లేదు. పీకి పొయ్యిలో వేశాను. ఆడబిడ్డ చూస్తూ ఊరుకుంది. ఆమె చూపులో ‘ఎన్ని కాలుస్తవో నేనూ చూస్త’ అని ఉంది.

వానలు పడ్డాక కౌజులు పిల్లలను బయటికి తెచ్చాయి. ఎక్కడ గుడ్లు పెట్టాయో, ఎప్పుడు పొదిగాయో, అంత దగ్గరున్న మాకే తెలియలేదు. గోళీలంత పిల్లలు తల్లి కాళ్ళ మధ్య దొర్లుకుంటూ వచ్చి పెంటలో పడ్డాయి. తల్లి ఒక పురుగును ముక్కుతో పట్టి కింద వేస్తే అన్నీ దాని మీదికి ఉరికాయి. పొద్దుటి పూట. ఆపా గిర్ని ఇంకా తెరవలేదు. నేను చెంబు పట్టుకుని ఎప్పటిలాగే “ఏం కావాలె?” అంటున్నాను. ఆయన నా వైపు చూడడం లేదు. పెదవులు వణికాయి. గొంతులో ఏదో గురగురమంది.

“కౌ... జు.”

చెంబు చేతిలోంచి జారింది. ఆడబిడ్డ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. ఆపా గోడ మీది నుంచి తొంగి చూసింది. నేను ఆయన మొహం రెండు చేతుల్లో పట్టుకుని ఏడుస్తున్నాను. “ఇంకొక్కసారి అను, ఇంకొక్కసారి” అంటున్నాను. చూశావా, పిట్టలే మాట ఇచ్చాయి, నా నెలల కాపలా వృథా పోలేదు అనుకుంటున్నాను. ఆయన ఎడమచెయ్యి ఎత్తి, వేళ్ళు ఐదూ దగ్గరికి చేర్చి, నోటి దగ్గరికి తెచ్చాడు.

“కౌజు... కూర.”

ఆడబిడ్డ పకపకా నవ్వింది. “నేను చెప్పలే? నా తమ్ముడు వాడు. చిన్నప్పుడు వీడంత ఉచ్చులు పెట్టెటోడు మా ఊర్ల లేకుండె.”

నాకు నవ్వు రాలేదు. మొహం మీంచి చేతులు తీసేశాను. ఇన్నాళ్ళూ ఆ కళ్ళల్లో ఉన్నదేమిటో అప్పుడు తెలిసింది. ఆడది ఎప్పుడు బయటికి వస్తుందో నేను చెబితే పట్టె తట్టింది ఎందుకో కూడా తెలిసింది. వేటగాడు దారి చూసుకుంటున్నట్టు చూశాడు. నేనేమో దాన్ని ప్రేమ అనుకుని, ఆ ప్రేమ కోసం కుక్కలను తరిమి, కంపను కాపాడి, ఉచ్చులు కాల్చాను. నాకు ఆయన మీద అసహ్యం వేసింది. ఆయన నోట్లోంచి కారుతున్న చొంగను రోజూ తుడిచేదాన్ని, ఎన్నడూ రోత పడలేదు. ఆ రోజు పిట్టపిల్లలను చూస్తూ కారిన చొంగను తుడవలేకపోయాను.

“ఏం చూస్తవు?” అంది ఆడబిడ్డ. “పీరు ముందర మొక్కినవు. ఏదడిగితె అది తెచ్చిస్తనన్నవు. పక్కన నేనున్న, ఆపా ఉంది. ఇయ్యాల ఉచ్చు పెడ్త, నువ్వు మసాలా నూరు.”

“ఇయ్య” అన్నాను.

“మొక్కు తప్పితె మాట మళ్ల పడిపోతది. అప్పుడెవలు జిమ్మేదారి?”

అబద్ధమెందుకు, భయపడ్డాను. నెలల తరవాత వచ్చిన మాట. అది కూడా నా మూలంగా పోతే? గోడ మీది నుంచి ఆపా ఏమైనా చెబుతుందేమోనని చూశాను. ఆమె కంప వైపు చూస్తోంది. కౌజులు అప్పటికే కంపలో దూరిపోయాయి. లోపల పిల్లలు సన్నగా అరుస్తున్నాయి. వాటి మీద జాలిపడి కాదన్నానంటే మీరు నన్ను మంచిదాన్ననుకుంటారు. అదేం కాదు. వాటిని కోసి ఆయనకు పెడితే, ఇన్నాళ్ళ నా కాపలా కోయడానికి మేకను మేపినట్టే కదా. మంచం పక్కన కూర్చున్నాను.

“చూడయ్యా. ఏదన్న అడుగు. నాటుకోడి కోస్త. గద్వాల నుంచి పొట్టేలు మాంసం తెప్పిస్త. గవి మాత్రం ఇయ్య.”

“కౌజు.”

“ఇయ్య.”

“కౌజు!”

“చెవుల పడ్తలేదా? ఇయ్యనంటున్న గద.”

ఆయన మొహం ఎర్రబడింది. ఎడమచెయ్యి పట్టె మీద దబదబా కొట్టాడు. అప్పుడు వచ్చింది, ఏ వంకరా లేకుండా, నిక్షేపంగా: “దొంగముండ.”

ఆడబిడ్డ నవ్వు ఆగిపోయింది. ఆపా గోడ అవతల “అల్లా” అని చెంపలేసుకుంది. నేను లేచి చెంబు కడుక్కున్నాను.

వనపర్తి ఆవిడకు ఫోనులో చెబితే ఆమెకు నవ్వాగలేదు. కోపంలో తిట్లే ముందు వస్తాయంది. “మీరు ఇయ్యకుండ్రి అమ్మా. అడగనియ్యుండ్రి, తిట్టనియ్యుండ్రి. మాటకు మాట కలిపి ఒక వాక్యం అన్ననాడు నాకు ఫోన్ చెయ్యుండ్రి. అప్పుడు మనం గెలిచినట్టు” అంది.

తరవాతి గురువారం మలీదా పట్టుకుని దర్గాకు పోయాను. ఆపా తోడు వచ్చింది. “మాట తప్పిన. నాకు గలీజుగ అనిపించింది, గందుకే తప్పిన. కోపముంటే నా మీద పెట్టు, ఆయన మాట మీద పెట్టకు” అని పీరుకు చెప్పుకున్నాను. ఆపా మలీదా పంచుతూ “గిప్పుడు సక్కగ మొక్కినవు” అంది.

అప్పటి నుంచి మా ఇంట్లో పొద్దున లేస్తే తిట్లు. ఆయన కౌజు అనడం, నేను ఇయ్యననడం, ఆయన ఒక కొత్త తిట్టు ఏరి తేవడం. నేను బిడ్డలకు చెప్పకూడని మాటలన్నీ ఆయనకు తిరిగొచ్చాయి. మధ్యలో ‘నీళ్ళు’ వచ్చింది, ‘ఉప్పు’ వచ్చింది, ‘ఎండ’ వచ్చింది. దేనికదే. రెండు మాటలు మాత్రం కలవలేదు. నేను కూడా మునుపటిలా పక్కన కూర్చుని పిట్టల ముచ్చట్లు చెప్పడం మానేశాను. అన్నం పెట్టి, గుడ్డలు మార్చి, నా పని నేను చూసుకునేదాన్ని. కౌజులకు కాపలా మాత్రం మానలేదు. ఇప్పుడు కుక్కల నుంచి కాదు, ఇంట్లోవాళ్ళ నుంచే.

పిల్లలు కాస్త ఎదిగి, తల్లి వెంట వరసగా పరుగెత్తే వేళకు, ఆడబిడ్డను తీసుకుపోవడానికి ఆమె పెనిమిటి మన్ననూరు నుంచి వచ్చాడు. వెనక అరుగు మీద బావమరిది మంచం పక్కన కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాడు. కౌజులు మొత్తం సంసారంతో బండ దాకా వచ్చాయి. వచ్చినాయన టీ ఊదుకోవడం ఆపేశాడు. నేను వంటింట్లో రొట్టెలు చేస్తున్నాను. కిటికీలోంచి అన్నీ వినపడుతున్నాయి.

“బామ్మర్దీ, ఏం బలిసినయిరా ఇవి. పొయ్యేలోపు రెండు పట్టుదమా? మీ ఆమెను అడుగుత, ఉండు.”

మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

“దాన్ని... అడుగుడు దండగ. అది ఇయ్యది.”

నా చేతిలో పిండి ముద్ద అట్లాగే ఉండిపోయింది. మాటకు మాట కలిసింది. వాక్యం మీద వాక్యం. నా మీద ఫిర్యాదే, కానీ ఏ మాటా తడబడలేదు. రొట్టె పెనం మీద మాడుతోంది. వదిలేసి, పిండి చేతులతోనే అరుగు మీదికి పరుగెత్తాను.

“ఇంకొకసారి అను. ఏమన్నవు? మళ్ల అను.”

ఆయన నన్ను ఎంత ద్వేషంగా చూడగలడో అంత ద్వేషంగా చూశాడు. ఊపిరి తీసుకున్నాడు. చేను గట్టు మీద నిలబడి కూలీలను పిలిచే గొంతు, వడ్డేపల్లి దాకా వినపడే గొంతు, మంచంలోంచి లేచింది.

“అది ఇయ్యది! దాన్ని అడుగుడే దండగ!”

బండ దగ్గర నుంచి కౌజులన్నీ ఒక్కసారి భుర్రున లేచాయి. ఎప్పుడూ పరుగెత్తేవే గాని, అవి అన్నీ కలిసి ఎగరడం నేను చూడనేలేదు. పెంట దాటి, గిర్ని దాటి, చేల మీదుగా పోయి రాళ్ళగుట్ట వైపు కనబడకుండా పోయాయి. పిల్లలు కూడా, వచ్చీరాని రెక్కలతో, వాటి వెనకే. మేం ముగ్గురం చూస్తూ ఉండిపోయాం. మర్నాడు రాలేదు. ఆ తరవాతా రాలేదు. ఆపా గింజలు పోస్తూనే ఉంది. వాటిని ఇప్పుడు పిచ్చుకలు తింటున్నాయి. మా ఇంట్లో ఇక నిశ్శబ్దం లేదు, ఆ పిట్టలకు మా దగ్గర చోటూ లేదు.

కానీ అది తరవాతి సంగతి. అప్పుడు ఆయన గుట్ట వైపు చాలాసేపు చూశాడు. తరవాత నా వైపు తిరిగాడు.

“నీ వల్లనే పోయినయి” అన్నాడు.

ఆ మాట కూడా స్పష్టంగానే ఉంది.